రెండు నిమిషాల కాపరి

హొన్నూరప్పకు సినిమా పిచ్చి ఉందంటే బలసముద్రంలో ఒక్కరూ నమ్మరు. రెండేళ్లకొక సినిమా చూస్తే ఎక్కువ, చూసినా ఇంటర్వెల్ దాకా నిద్రపోయే మనిషి. అలాంటివాడికి, సినిమావాళ్లు తన తమ్ముడు తిప్పేశును పిలిచారని తెలిసిన రోజు నుంచి ముద్ద గొంతు దిగలేదు. ఆకలి లేక కాదు. కడుపు నిండా కుళ్లు పెట్టుకుంటే సంగటికి చోటెక్కడ దొరుకుతుంది చెప్పండి.

సంగతేమిటంటే, ఎవరో తెలుగు సినిమావాళ్లు సోలార్ పార్కులో షూటింగు పెట్టుకున్నారు. కథలో కొత్త కుర్రవాణ్ణి దుండగులు జీపుల్లో తరుముకొస్తారు. వాడు సోలార్ ప్లేట్ల వరసల మధ్య దారి తప్పి, గుక్కెడు నీళ్లు లేక పడిపోతాడు. అప్పుడొక గొర్రెలకాపరి తన మందను అడ్డం తోలి జీపుల్ని నిలబెడతాడు. ఎవరీ ముసలాయన అనుకునేలోపల కంబళి ముసుగు తీస్తాడు. చూస్తే పెద్ద హీరో. పేరు వినబడితే చాలు, ముప్పై ఏళ్లుగా జనం చొక్కాలు చించుకునే మనిషి. ఉండేది రెండే నిమిషాలు. పోస్టరు మీద ఆయన బొమ్మ ఉండదు, టైటిళ్లలో పేరుండదు. హాల్లో కూర్చున్నవాడు అదిరిపడాలి, దాని కిటుకంతా అక్కడే ఉంది.

హీరో ఉన్నాడు, జీపులున్నాయి. మంద కావాలి. సినిమావాళ్ల తరఫున ఊళ్లు తిరిగి ఏర్పాట్లు చేసే పావగడ కృష్ణకుమార్ బలసముద్రం వచ్చి, నూటిరవై గొర్రెలున్న తిప్పేశును పట్టుకున్నాడు.

"నేనుండంగ వాన్ని యెందుకు పిలిచినాడంట?" అని హొన్నూరప్ప ఆ రాత్రి పెళ్లాం ముందు పళ్లు నూరాడు.

కాటమ్మకు మొగుడి మీద ప్రేమ లేక కాదు గానీ, నాలుక మాత్రం ఎప్పుడూ అదుపులో ఉండదు. "గొర్రెలు వానివి గదప్పా. నిన్ను పిలిస్తే యేం తోల్కపోతావు, గేటుకాడ కుర్చీనా?" అంది.

ఆ కుర్చీ మాట దగ్గరే అసలు పుండుంది. ఏడేళ్ల కింద అన్నదమ్ములు వేరుపడ్డారు. వాళ్ల ఇళ్లల్లో పెద్దవాడు పాళ్లు పెట్టాలి, చిన్నవాడు కోరుకోవాలి. పెద్దవాడు తనకు తాను మేలు చేసుకోకుండా పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. అప్పటికే సోలార్ పార్కుకు భూములు గుత్తకు అడుగుతున్నారు. హొన్నూరప్ప తెలివిగా బాయికాడి నాలుగెకరాలు ఒక పక్క పెట్టాడు. గొర్రెల మంద, రాళ్ల గుట్ట కింద ఎందుకూ పనికిరాని రెండెకరాలు ఇంకో పక్క పెట్టాడు. తమ్ముడు భూమి కోరుకుంటాడేమోనని లోపల బిక్కుబిక్కుమంటూనే ఉన్నాడు. తిప్పేశు నెత్తి గోక్కుని, "నాకు గొర్రెలు చాల్లేన్నా" అన్నాడు. ఆ సాయంత్రం హొన్నూరప్ప ఎంత ఆనందపడ్డాడో. వానికి బుద్ధి యాడిదని కాటమ్మతో నవ్వాడు కూడా. భూమి గుత్తకు పోయింది. తర్వాత ఆ సోలార్ పార్కు గేటు దగ్గరే సెక్యూరిటీ పని, నీలం చొక్కా, ఈల, కుర్చీ వచ్చాయి. నీలం చొక్కా వేసుకున్నాక గొర్రెల వంక చూడటం కూడా నామోషీ అనుకున్నాడు.

అయితే ఒకటి మాత్రం ఎవరూ పంచుకోలేనిది ఆయన దగ్గర మిగిలింది. వాళ్ల నాయన పిలుపు. గొర్రెలను పిలవడానికి ఒక్కో కాపరికి ఒక్కో పిలుపుంటుంది. నాయన పిలుపు రొమ్ములో పుట్టి, నాలుక మీద గిరగిరా తిరిగి, గుట్ట దాటి వినబడేది. అది పెద్దకొడుక్కే వచ్చింది. చిన్నవాడికి ఎంత నేర్పినా నాలుక తిరగలేదు. వాడేదో తనకు తోచినట్టు పిలుచుకుంటాడు, వింటే ఎవరో దగ్గుతున్నారనుకుంటారు. "వానికి పిలుపే రాదు, వాడు సినిమాలో కాపరంట," అని హొన్నూరప్ప కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

షూటింగు రోజు పొద్దున్నే గేటు దగ్గర ఆయనకే పెద్ద పని పడింది. పెద్ద హీరో వచ్చిన సంగతి బయటికి పొక్కకూడదు కాబట్టి, లోపలికి పోయే ప్రతివాడి ఫోనూ తీసి బుట్టలో వేసుకోవాలి. తిప్పేశు మందను తోలుకుని, ఉతికిన పంచెతో, నవ్వుతూ వచ్చాడు.

"ఫోన్ తీయ్," అన్నాడు హొన్నూరప్ప, ఎవరో తెలియనట్టు.

"ఇంట్లో పెట్టొచ్చినా అన్నా."

"అట్ల అందరూ అంటారు. చేతులు పైకెత్తు."

తిప్పేశు చేతులెత్తాడు. తోడబుట్టినవాడి జేబులు తడిమితే గుప్పెడు శెనక్కాయలు దొరికాయి. "తిను అన్నా," అని వాడు సగం అన్న చేతిలోనే వదిలేసి పోయాడు. హొన్నూరప్ప వాటిని తినలేదు, పారేయనూ లేదు.

పదిగంటలకు నల్ల అద్దాల కారు వచ్చింది. హొన్నూరప్ప మడమలు కలిపి గట్టిగా సెల్యూట్ కొట్టాడు. కారు ఆగలేదు, అద్దం దిగలేదు, దుమ్ము మాత్రం దిగింది. సరేలే, పెద్దవాళ్లు అంతే అని సరిపెట్టుకుందామనుకున్నాడు. కానీ దూరంగా ఆ కారు దిగిన పెద్ద హీరో నేరుగా తిప్పేశు దగ్గరికి నడిచాడు. వాడి భుజం మీది కంబళి తీసి తను కప్పుకున్నాడు. వాడి చేతనే తలపాగా చుట్టించుకున్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. ఆపైన పెద్ద హీరో వాడి మెడ చుట్టూ చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి చూశాక హొన్నూరప్ప ఇంక కుర్చీలో కూర్చోలేకపోయాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. నాయన కంబళి అది. నాయన మంద అది. వాళ్ల అమ్మ తర్వాత ఆ గొర్రెలకు పురుడు పోసింది తాను. ఈనలేక అల్లాడే గొర్రెల్ని రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కాపాడింది తాను. రేపు సినిమా వస్తే, తాలూకా అంతా తిప్పేశును చూపించి, ఇదిగో గొర్రెలకాపరి అంటుంది. తనను చూసి ఏమంటుంది? గేటు తీసేవాడంటుంది.

"ఒంటికి పోయొస్తా, చూసుకో," అని తోటి సెక్యూరిటీ మధుకుమార్‌కు బుట్ట అప్పజెప్పి లోపలికి నడిచాడు.

అక్కడ పని ఇలా జరుగుతోంది. పెద్ద హీరో చేతికర్రతో ఒకచోట నిలబడి, నోరు తెరిచి పిలిచినట్టు నటించాలి. ఆయన వెనక, కెమెరాకు కనబడకుండా తిప్పేశు నిలబడి పిలవాలి. మంద తిప్పేశు కోసం ఉరికితే, తెర మీద హీరో కోసం ఉరికినట్టుంటుంది. గొంతు తర్వాత వేసుకుంటారట. ఒకసారి రిహార్సల్ చేశారు. తిప్పేశు దగ్గాడు, మంద ఉరికింది. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు.

మందను మళ్లీ వెనక్కి తోలారు. పెద్ద హీరోకు మధ్యాహ్నం బెంగళూరులో విమానం ఉంది, ఈసారే అసలు షాటు. హొన్నూరప్ప ఒక షెడ్డు గోడ చాటున నిలబడ్డాడు. ఆయన లెక్క ఆయనకుంది. తన పిలుపు వినబడితే మంద మొత్తం ఇటే తిరుగుతుంది. హీరో అటు, గొర్రెలు ఇటు. షాటు మట్టికొట్టుకుపోతుంది. కాపరి ఎవరో అక్కడే తేలిపోతుంది. అందరూ చూస్తుండగా మంద వచ్చి తన కాళ్ల చుట్టూ నిలబడితే, అప్పుడు తిప్పేశు ముఖం చూడాలి. అంతకంటే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు.

"యాక్షన్" అన్నారు. హొన్నూరప్ప రొమ్ము నిండా గాలి పీల్చి పిలిచాడు.

ఏడేళ్లయినా గొంతు చెక్కు చెదరలేదు. పిలుపు ప్లేట్ల వరసల మీదుగా గుట్ట దాకా పోయి తిరిగొచ్చింది. లైట్లు పట్టుకున్నవాళ్లు, టీలు ఇచ్చేవాళ్లు, జీపుల్లో దుండగులు, అందరూ ఇటు తిరిగారు. పెద్ద హీరో కూడా తిరిగాడు.

గొర్రెలు తిరగలేదు. నూటిరవైలో ఒక్కటి తల ఎత్తలేదు. ప్లేట్ల నీడలో గడ్డి కొరుకుతూ ఉన్నాయి.

"ఎవడ్రా అది?" అని డైరెక్టరు మైకులో అరిచాడు. ఇద్దరు మనుషులు హొన్నూరప్పను చెయ్యి పట్టుకుని గోడ చాటు నుంచి లాక్కొచ్చారు. నీలం చొక్కా, మెడలో ఈల, ముఖంలో నెత్తురు చుక్క లేదు. పని పోతుందని కాదు. ఆయన చూపు ఇంకా గొర్రెల మీదే ఉంది.

తిప్పేశు అడ్డం వచ్చాడు. "మా అన్న సార్. మా నాయన పిలుపు ఆయప్పకే వచ్చేది. నా గొంతు బాగలేదని, బాగా పిలిచేదెట్లో మీకు తెలియల్లని పిలిచినాడు."

పెద్ద హీరో దగ్గరికొచ్చాడు. "ఇంకోసారి పిలవండి," అన్నాడు. మాట మర్యాదగా ఉంది. "నా నోట్లోంచి ఇదే రావాలి," అని డైరెక్టరుతో చెప్పాడు.

ఆయన చెప్పాక ఇంకేముంది. మైకు పట్టుకునే మనిషి పొడుగు కర్ర తెచ్చి హొన్నూరప్ప నోటి ముందు నిలిపాడు. సరిగ్గా మందకు ఎదురుగా, ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి మూడుసార్లు పిలిపించారు. మూడుసార్లూ బ్రహ్మాండంగా పిలిచాడు. మూడుసార్లూ గొర్రెలు మేస్తూనే ఉన్నాయి. ఒక పొట్టేలు మాత్రం ఇటు చూసి, మళ్లీ తల వంచుకుంది.

"నన్ను మర్చిపోయినాయా?" అని తమ్ముణ్ణి అడిగాడు.

"అయి యాడుండాయన్నా ఇంగ? నువ్వు సాకినవి సంతలకు పోయి, సచ్చి, ఎప్పుడో అయిపోయినాయి. ఇవన్నీ తర్వాత పుట్టినవి. నీ గొంతు ఇవి విన్లేదు గదా."

మందలో గొర్రె ఎన్నేళ్లుంటుందో కాపరి కొడుక్కు ఒకరు చెప్పాలా? మంద అంటే మందే, అది పంచిన రోజు ఎట్లుందో అట్లే ఉంటుందనుకున్నాడు ఈ మహానుభావుడు. కుర్చీలో కూర్చుని ఏడేళ్లు, తనవి కాని గొర్రెలను తనవేనని చూసి కుళ్లుకున్నాడు.

ఆ తర్వాత తిప్పేశు దగ్గాడు, మంద ఉరికింది, షాటు అయింది.

సినిమా ఉగాది ముందర వచ్చింది. ఊరు ఊరంతా పావగడ సినిమా హాలుకు కదిలింది. హొన్నూరప్ప వద్దన్నా కాటమ్మ లాక్కుపోయింది. అప్పటికే ఆమె నలుగురిలో, సినిమాలో గొంతు మా ఆయనదేనని, షూటింగు పాడవుతుంటే ఆయనే కాపాడాడని చెప్పేసింది.

పక్క సీట్లో తిప్పేశు కూర్చున్నాడు. తెర మీద జీపులు వచ్చాయి, కుర్రవాడు పడిపోయాడు. దుమ్ములోంచి కంబళి కప్పుకున్న మనిషి వచ్చి నిలబడి, నోరు తెరిచి పిలిచాడు. హాలు నలుమూలల్లోనూ హొన్నూరప్ప గొంతు, కాదు, నాయన గొంతు మోగింది. ఆ పిలుపుకు ప్లేట్ల వరసల్లోంచి నూటిరవై గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉరికొచ్చి, ఆ మనిషి కాళ్ల చుట్టూ నిలిచాయి. కంబళి తొలగింది. హాలు ఈలలతో ఊగిపోయింది. కాగితాలు ఎగిరాయి. ఆ గోలలో హీరోను వదిలి గొర్రెలను చూసినవాళ్లు అన్నదమ్ములిద్దరే. తన గొంతు పెట్టుకుని, తనకు రాని మందను రప్పించుకున్న ఆ తెర మీది మనిషిని చూస్తే హొన్నూరప్పకు ఏడుపొచ్చింది.

"చూస్తివా అన్నా, నువ్వు పిలిస్తే ఎట్ల ఉరికొస్తాండాయో," అన్నాడు తిప్పేశు. ఎగతాళి కాదు. వాడి ముఖం వెలిగిపోతోంది.

హొన్నూరప్ప ఇంక ఓర్చుకోలేకపోయాడు. "నాకు రాలేదప్పా. నీకొచ్చినాయి. నేను ఆ పొద్దు బాగా పిలిచేదెట్లో చూపియ్యల్లని పిలవలేదు. నీది చెడగొట్టల్లని పిలిస్తి."

"తెలుసు లేన్నా."

"తెలుసా? తెలిసీ అంత మందిలో నన్నెందుకు యెనకేసుకొస్తివి?"

"యెనకేసుకొచ్చేదేముండాది. పిలుపు బాగుండాది, బాగుండాదని చెప్తి." వాడు తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా అన్నాడు.

హొన్నూరప్ప తమ్ముడి వైపు చూశాడు. అదే మాట తన నోటి నుంచి వచ్చేదా అని ఆలోచించుకున్నాడు. వచ్చేది కాదని ఆయనకు బాగా తెలుసు. ఆయన కుళ్లు ఇక గొర్రెల మీద లేదు, కంబళి మీద లేదు, పెద్ద హీరో వేసిన చెయ్యి మీద కూడా లేదు. ఇప్పుడు తమ్ముడి ఆ గుణం మీద పుట్టింది ఆయనకు అసూయ. ఆ గుణాన్ని ఎట్లా పంచుకోవాలో ఏ కట్టుబాటులోనూ లేదు.