తాత గోల్ఫు కట్టె

ఆ వేసవి మాటెత్తితే సంతోషమ్మకు ముందుగా గుర్తొచ్చేది ఎండా కాదు, మామిడిపండ్లూ కాదు, మొగుడి గోల్ఫు కట్టె. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో దాన్ని చూస్తేనే ఆవిడకు ఒళ్లు మండేది. ఆసుపత్రి దొర ఒకాయన తన దేశానికి వెళ్లిపోతూ, తన దగ్గర గుమాస్తాగా చేసిన ఆవిడ మొగుడు నెహెమ్యాకు ఒక మంచి బీరువానో గడియారమో ఇచ్చి పోకూడదా? ఇనుప కట్టె ఒకటి, గుప్పెడు బంతులు ఇచ్చి పోయాడు మహానుభావుడు! రిటైరైన దగ్గర్నుంచీ నెహెమ్యాకు అదే లోకం. పొద్దు వాలితే చాలు, మదనపల్లెలో ఇంటి వెనకున్న బీడులో పాలపొడి డబ్బా ఒకటి పూడ్చి, దూరం నుంచి బంతిని ఆ డబ్బాలోకి కొట్టడం. గడ్డిపరక మొలవని ఎర్రనేల. ఇప్పుడక్కడ వరసగా మిద్దెలు లేచాయి గానీ, అప్పట్లో అటు తంగేడు పొదలు, ఇటు గొర్రెల మందలు, మధ్యలో ఈయనగారి ఆట.

కట్టెను ఇంకొకరు ముట్టుకుంటే మాత్రం ఇంతెత్తున లేచేవాడు. బంతి వెతికి తెచ్చే పని మనవడికీ మనవరాలికీ ఇచ్చాడు. కూతురు రాహేలు టీచరు ట్రైనింగుకు నెల్లూరు పోతూ వదిలిపోయిన బిడ్డలు వాళ్లు. అల్లుడికి కుప్పంలో రైల్వే ఉద్యోగం. పగలూ రాత్రీ డ్యూటీలు చేసేవాడు పసిబిడ్డల్ని ఎలా సాకుతాడు? పెద్దోడు శామ్యూలుకు ఐదేళ్లు. చిన్నది లీదియా అవ్వ దగ్గరికి వచ్చేనాటికి ఇంకా చంటిది.

తాత ఆటకు ఒక్కటే చట్టం. కట్టె ఎవరి చేతిలో ఉంటే వాళ్ల చేతికే బంతి తెచ్చివ్వాలి. ఇవ్వగానే ఆయన నడుం వంచి, "థాంక్యూ దొరసానీ!" అని సలాము కొడతాడు. సంతోషమ్మ కొంగుముడి విప్పి అందించిన బెల్లంముక్కను ఆ చిన్నదాని నోట్లో పెడతాడు. లీదియాకు నడక వచ్చింది ఆ బంతి వెంట పరిగెత్తే. మాటా వచ్చింది. మొదటి మాట 'అమ్మా'. పిలిచింది సంతోషమ్మను.

"అమ్మ కాదు తల్లీ, అవ్వ" అని మొదట్లో దిద్దింది. తర్వాత దిద్దడం మానేసింది. ఎందుకు మానేసిందో ఆవిడ మనసుకు తెలుసు. ఆ పిలుపు అంత తీపిగా ఉండింది మరి! క్రిస్మస్‌కు రాహేలు వస్తే, బిడ్డ అవ్వ చీర కుచ్చిళ్లలో దూరి బయటికే రాలేదు.

మే నెలలో కబురొచ్చింది. ట్రైనింగు ముగిసింది, కుప్పం స్కూల్లోనే ఉద్యోగం దొరికింది, బిడ్డల్ని తోలుకొని రండి అని. సంతోషమ్మ ఫ్రాకులు ఉతికి మడిచింది, చెనక్కాయలు వేయించింది, ఆవకాయ జాడీకి గుడ్డ కట్టింది. దారిలో పుంగనూరులో నెహెమ్యా అక్క పాపక్క ఇంట్లో దిగారు. ఎండిన చెరువును చూసి ఈయన ఆగగలడా? కొట్టిన బంతి పోయి పొట్టి ఆవు డొక్కకు తగిలింది. "ఏమప్పా, పెద్దమనిషివి, నోరులేని గొడ్డును యాల కొడతాండావు?" అని ఆవుగలాయన తగులుకున్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. రెండురోజులు ఉందామని వచ్చినవాళ్లు వారం ఉండిపోయారు. పట్టుబట్టింది సంతోషమ్మే.

కుప్పంలో శామ్యూలు బస్సు దిగుతూనే తల్లి మెడకు వాటేసుకున్నాడు. లీదియా మాత్రం ససేమిరా. రాహేలు బొమ్మ తెచ్చింది, విసిరికొట్టింది. బిస్కెట్లు పెట్టింది, ఉమ్మేసింది. ఎత్తుకోబోతే, "అమ్మా!" అని సంతోషమ్మ వైపు చేతులు చాచి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపు వినబడితే సంతోషమ్మ చేతులు ఆగేవి కావు. ఉరికి ఎత్తుకునేది.

ఒకనాడు వంటింట్లో రాహేలు తల్లిని నిలదీసింది.

"అట్ల ఎత్తుకుంటాంటే అది నా దగ్గరికి ఎప్పుడొస్తాది మా? నన్ను సూస్తే దెయ్యాన్ని సూసినట్ల ఏడుస్తాండాది. నువ్వే తోలుకొని పో. బడి తెరిస్తే నేను పోతా, వస్తా. దానికి నేను లేకపోతే ఏం?"

"ఏం మాటలే అవి! నేనేమన్నా రావద్దని చెప్పి పెట్టినానా బిడ్డకు?" అని కసిరింది సంతోషమ్మ. కసిరిందేగానీ, 'నువ్వే తోలుకొని పో' అన్న మాటకు తన గుండె ఎగిరి గంతేసిందని ఆవిడకు తెలిసిపోయింది. కూతురు పొయ్యి ముందు కూర్చొని కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది. తన మీద తనకే సిగ్గేసింది.

ఆ సాయంత్రం రైల్వే క్వార్టర్ల వెనక చేలో నెహెమ్యా డబ్బా పూడ్చాడు. బంతి పెట్టి, కట్టె ఎత్తేసరికి సంతోషమ్మ వెళ్లి కట్టె పట్టుకుంది.

"ఏమే, పిచ్చి పట్టిందా నీకు? ఇడ్సు!"

"నువ్వే ఇడ్సయ్యా. ఇన్నేండ్లలో ఒక్కనాడన్నా అడిగినానా దీన్ని?"

ఆయన ఆమె ముఖం చూసి, కట్టె వదిలేశాడు. సంతోషమ్మ కట్టెను కూతురి చేతిలో పెట్టింది. కొంగుముడి విప్పి బెల్లమంతా రాహేలు గుప్పిట్లో పోసింది. తాను వెనక్కి వెళ్లి గట్టు మీద కూర్చుంది.

రాహేలు కొడితే మొదట మట్టి లేచింది. రెండోసారి గాలే తెగింది. శామ్యూలు నవ్వలేక కిందపడి దొర్లాడు. మూడోసారి బంతి ఎగిరి కంప పక్కన పడింది. లీదియా ఉరికింది. బంతి దొరకబుచ్చుకొని, మళ్లీ వచ్చి నడిమధ్యలో నిలబడింది. గట్టు మీదున్న అవ్వను చూసింది. ఎత్తుకొమ్మని చేయి కూడా చాపింది. సంతోషమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని గట్టిగా కూర్చుంది. ఓ ప్రభువా, ఎంతసేపయ్యా! చివరికి ఆ చిన్నికాళ్లు కట్టె ఉన్న వైపు తిరిగాయి.

"థాంక్యూ దొరసానీ" అంది రాహేలు. నడుం వంచి బెల్లంముక్క బిడ్డ నోట్లో పెట్టింది.

ఆ పూటకు బెల్లమంతా అయిపోయింది. తర్వాత రోజూ అదే ఆట, అదే పరుగు. నాలుగోనాటికి లీదియా తల్లి పక్కలోనే నిద్రపోయింది. సంతోషమ్మ ఆ రాత్రి ఖాళీ పక్క తడుముకుంటూ ఏడ్చింది. సంతోషానికా అంటే సంతోషానికీ, ఓర్వలేకా అంటే ఓర్వలేకా.

మదనపల్లెకు తిరుగు ప్రయాణం నాడు బస్టాండుకు అందరూ వచ్చారు. బస్సు ఇంజను మోగుతోంది. సంతోషమ్మ కిటికీ పక్కన కూర్చొని, చూడకూడదనుకుంటూ తల తిప్పుకుంది.

"అమ్మా!" అని లీదియా కేక.

"ఏమ్మా!" అని అంతెత్తున పలికి సంతోషమ్మ కిటికీలోంచి సగం బయటికి వంగింది.

బిడ్డ ఇటు చూడనే లేదు. రాహేలు చంకలో కూర్చొని, రెండు చేతులతో ఆమె గడ్డం పట్టి లాగుతోంది. "అమ్మా! తాత కట్టె! ఇంట్లో ఉండాది! తాత మర్సిపోయినాడు!"

సంతోషమ్మ మెల్లిగా వెనక్కి జరిగి కూర్చుంది. మొగుడి చేతుల వైపు చూసింది. వట్టి చేతులు.

"మర్సిపోలేదులే" అన్నాడు నెహెమ్యా.