మొదటి నోటుబుక్కు మొదటి పేజీ

మెంబరు మాట తప్పాడు. అందులో వాదించడానికి ఏమీ లేదు. ఇంటికొచ్చి, వాళ్ళు వేసిన కుర్చీలో కూర్చుని, వాళ్ళ గ్లాసుతో నీళ్ళు తాగి, "దుమ్ము బిల్లు వచ్చిన రోజున నా ఓటు నీదేనమ్మా" అని కాటాల మేస్త్రి భార్యకి చెప్పి వెళ్ళాడు. బిల్లు వచ్చిన రోజున పార్లమెంటులో వద్దనే ఎర్రమీట నొక్కాడు. ఆ తర్వాత పంతొమ్మిది రోజులకి ఆమె పోయింది. మాట తప్పిన మనిషి మాత్రం మళ్ళీ రెండుసార్లు గెలిచాడు.

పదకొండేళ్ళుగా మేస్త్రి ఈ సంగతి చెప్పని మనిషి లేడు. కాటా బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ విని తీరాల్సిందే. ఒకసారి పాత ఇనుము వ్యాపారి వింటూ వింటూ విసిగిపోయి, "మేస్త్రీ, నా కాటాలో తేడా గుప్పెడు. నీ మెంబరులో తేడా బండెడు. ముందు నాది చూడు నాయనా" అన్నాడు. మేస్త్రి నవ్వలేదు. కాటా చూశాడు, బాగుచేశాడు, ఆ తర్వాత మిగిలిన కథ చెప్పాడు.

ఆయన భార్య సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు కోత మెషీను దగ్గర నిలబడింది. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. గుమ్మం బయటే చీర దులుపుకుని లోపలికి వచ్చేది. పదిహేనో ఏడు దగ్గు మొదలైంది. ప్రతి మెషీనుకీ దుమ్ము పీల్చే గొట్టం పెట్టాలని, జబ్బుపడిన వాళ్ళకి ఫ్యాక్టరీయే వైద్యం చేయించాలని ఆ బిల్లు. దుమ్ము బిల్లు అని పేరు పెట్టింది జనమే.

మేస్త్రి చదివింది పల్లెటూరి బడిలో ఏడో తరగతి. అయినా ఆమె పోయిన నెలకి ఊళ్ళో లైబ్రరీ మెట్లెక్కి, సభలో ఎవరేం మాట్లాడారో, ఎవరెటు ఓటేశారో రాసి ఉండే పుస్తకాలు ఎక్కడున్నాయని అడిగాడు. గోధుమరంగు గుడ్డ అట్టల సంపుటాలు వరసగా చూపించారు. అప్పట్నుంచి వారానికి మూడు మధ్యాహ్నాలు అక్కడే. రూళ్ళ నోటుబుక్కులో ఐదు గళ్ళు గీసేవాడు: తేదీ, విషయం, హాజరు, ఓటు, మాట్లాడినది. అలా పద్నాలుగు నోటుబుక్కులు నిండాయి.

ఆయన లెక్కలో దయలేదు, అబద్ధమూ లేదు. సభ్యులంతా నోటితో ‘అవును’, ‘కాదు’ అని అరిచి తేల్చిన బిల్లయితే ఎవరు ఏమన్నారో పుస్తకంలో ఉండదు. అలాంటప్పుడు ఓటు గడిలో అడ్డగీత గీసి వదిలేసేవాడు. ఊహించి రాయడం ఆయనకి చేతకాదు. మెంబరు ఆరువందల నలభై రోజుల్లో రెండువందల ఎనభై ఎనిమిది రోజులు సభకే రాలేదు. నలభై ఒక్కసార్లు మాట్లాడితే అందులో పదిహేడు అధ్యక్షుడికి ధన్యవాదాలు. ఒక ఏడాదంతా ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: సభ క్యాంటీనులో చల్లటి నీళ్ళు ఎందుకు రావడం లేదని.

ఈసారి ఎన్నికల్లో మెంబరు మళ్ళీ నిలబడ్డాడు. రేకుల ఫ్యాక్టరీ యూనియన్ వాళ్ళు మేస్త్రి నోటుబుక్కుల్ని చిన్న పుస్తకంగా వేయించి ఇంటింటికీ పంచుతామన్నారు. అచ్చు వేసేది మేస్త్రి మరదలు, భార్య చెల్లెలే. భర్త పోయాక ప్రెస్సు ఆమే నడుపుతోంది. యాభై దాటిన మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు గానీ చేతిలో అచ్చుతప్పు దాగదు. పుస్తకం సంగతి తెలిసి మెంబరు వకీలు అప్పుడే ఉత్తరం పంపాడు. ఒక్క మాట తప్పు వేసినా కోర్టుకి ఈడుస్తామని. అందుకని ప్రతి లైను కిందా సంపుటం నంబరు, పేజీ నంబరు ఉండాలని మరదలు పట్టుబట్టింది.

ఆ రోజు పొద్దున్నే ప్రూఫులు బల్లమీద పరిచి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చదువుతోంది. మేస్త్రి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. నాలుగింటికి పుస్తకం మెషీను ఎక్కాలి.

"ఓరి నాయనో! ఇదేంటి బావా? మూడుసార్లు తప్పు మీట నొక్కి, తర్వాత చీటీ రాసిచ్చి దిద్దుకున్నాడా?"

"నొక్కాడు. పచ్చ నొక్కమంటే ఎర్ర, ఎర్ర నొక్కమంటే పచ్చ. బోర్డు మీద పడ్డాక నాలిక కరుచుకుని చీటీ పంపుతాడు. వెంటనే పంపితే దాన్నీ రాస్తారు, పేజీ అడుగున చిన్నక్షరాల్లో."

"ఇంట్లో లైటు స్విచ్చి వేసుకోవడానికి కూడా మనిషిని పెట్టుకున్నాడేమో పాపం" అని నవ్వి, ఆమె ఎర్ర పెన్నుతో మొదటి పేజీ మీద తట్టింది. "అన్నిటికీ పేజీ నంబర్లు రాశావు. దీనికేదీ? దుమ్ము బిల్లుకి? ఇక్కడ పేపరు ముక్క అంటించి ఉందంతే."

"పేపరు చాలదా?"

"పేపరు చూపిస్తే వకీలు ఊరుకుంటాడా? సంపుటం నంబరు చెప్పు."

"అది అందరికీ తెలిసిందే."

"అందరికీ చెప్పింది నువ్వే కదా." ఆమె పెన్ను ఆగింది. "అవును బావా, ఇన్నిసార్లు చీటీ ఇచ్చాడు కదా. ఆ రోజు ఇవ్వలేదా?"

ఆమె ఏ దురుద్దేశంతోనూ అడగలేదు. ప్రూఫు చూసేవాళ్ళు అడిగే ప్రశ్నే. కానీ మేస్త్రి మొహం మాడిపోయింది.

"ఇవ్వలేదు."

"చూశావా?"

"చూడక్కర్లేదు. నా కళ్ళతో పేపర్లో చదివాను."

"నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు! పక్క వీధే కదా లైబ్రరీ. వెళ్ళి ఒక నంబరు పట్టుకురా. నేను కాఫీ తాగేలోపు వచ్చేస్తావు."

మేస్త్రి లేచాడు. వీధిలో నడుస్తుంటే ఆ పేపరు చదివిన పొద్దుటి సంగతి అడ్డొచ్చింది. దాన్ని ఆయన ఎప్పుడూ అడ్డు రానివ్వడు.

అప్పటికి భార్య మంచం దిగడం లేదు. పొద్దున్నే కళ్ళు తెరిచి మొదట అడిగే మాట, "బిల్లు వచ్చిందా అండీ?" అని. ఆ రోజు ఆమెకి జావ తాగిస్తున్నది ఈ మరదలే. మేస్త్రి పేపరు పట్టుకుని గుమ్మంలోంచే అన్నాడు, "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నీ మెంబరు ఎర్రమీట నొక్కాడు."

ఆమె కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. "ఆయన అలా చెయ్యడండీ. సరిగ్గా చూడండి."

"అచ్చులో ఉంది! మొగుడి మాట నమ్మవు, పేపరు మాట నమ్మవు, నీళ్ళు తాగి పోయినవాడి మాట నమ్ముతావా?"

ఆమె గోడవైపు తిరిగింది. తర్వాతి పంతొమ్మిది రోజులూ బిల్లు గురించి అడగలేదు. మంచినీళ్ళు కావాలంది, కిటికీ తెరవమంది, అంతే. నమ్మిన మనిషి మోసం చేశాడన్న దిగులుతోనే ఆమె పోయిందని మేస్త్రి గట్టిగా నమ్మాడు. ఆ దిగులు మెంబరు పెట్టినదే అనుకున్నాడు కాబట్టే పద్నాలుగు నోటుబుక్కులు రాశాడు.

లైబ్రరీలో సంపుటాలు చూసే ఆమె ఆయన్ని చూసి ఆశ్చర్యపోయింది. "మేస్త్రిగారూ, పొద్దున్నే వచ్చారేం? ఏ సంపుటం తియ్యమంటారు?"

మేస్త్రి తనే వెళ్ళాడు. రెండో బీరువా, కింది అర, ఎడమనుంచి నాలుగోది. దాని వీపు ఆయనకి బాగా తెలుసు. పదకొండేళ్ళుగా దాన్ని పక్కకి జరిపి దాని పక్కదాన్ని తీసుకుంటున్నాడు. ఆయన రాత ఆ మర్నాటి సభ నుంచే మొదలైంది. ఆ రోజుది చదవాల్సిన పనేముంది? కొత్త కాటా చేతికొస్తే ముందు ఖాళీ పళ్ళాలు సమానంగా ఉన్నాయో లేదో చూడందే రాయి వెయ్యని మనిషి ఆయన. అలాంటివాడు ఇది చూడలేదు.

నిలబడే తిప్పాడు. ఓట్ల పేజీ దొరికింది. చీటీల దిద్దుబాట్లకు లోబడి అనుకూలం నూటయాభై ఒకటి, వ్యతిరేకం రెండువందల మూడు. వ్యతిరేకం కింద మెంబరు పేరు ఉంది. ఉంది! మేస్త్రి ఊపిరి వదిలాడు. పేరు పక్కన చిన్న చుక్క గుర్తు ఉంది. కళ్ళు కిందికి దిగాయి. పేజీ అడుగున, చిన్నక్షరాల్లో, ముగ్గురు సభ్యులు పొరపాటున వ్యతిరేకంగా నమోదైన తమ ఓటును అప్పటికప్పుడే చీటీ ద్వారా అనుకూలంగా సరిదిద్దుకున్నారని ఉంది. ముగ్గురిలో రెండో పేరు మెంబరుది.

అనుకూలం నూటయాభై నాలుగు, వ్యతిరేకం రెండువందలు. బిల్లు ఎలాగూ ఓడింది.

మేస్త్రి కూర్చున్నాడు. లైబ్రరీ ఆమె మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది. ఆయన ముట్టుకోలేదు. పేజీలు వెనక్కి తిప్పాడు. ఓటుకి ముందు చర్చ ఉంటుంది. చర్చలో మెంబరు నాలుగు నిమిషాలు మాట్లాడాడు.

‘అధ్యక్షా, నేను ఒక ఇంటికి వెళ్ళాను. రేకుల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు పనిచేసిన మనిషి. మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది. నేను కూర్చోవడానికి కుర్చీ తేవాలని ఆమె భర్త పక్కింటికి వెళ్ళాడు. ఆయన లేనప్పుడు ఆమె ఒక మాట చెప్పింది. అయ్యా, ఇది నాకోసం కాదు, నాకిక ఏ బిల్లూ అక్కర్లేదు, బిల్లు వస్తే నేను బతుకుతానని మా ఆయన అనుకుంటున్నాడు, ఆయనకి మాత్రం చెప్పకండి, నా మెషీను దగ్గర ఇప్పుడు ఎవరో పిల్ల నిలబడి ఉంటుంది, ఆ పిల్లకోసం అడుగుతున్నాను అంది. అధ్యక్షా, ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఆమెకీ తెలియదు...’

అధ్యక్షులు: మీ సమయం అయిపోయింది.

‘ఒక్క నిమిషం, అధ్యక్షా.’

అధ్యక్షులు: కూర్చోండి.

కుర్చీ తేవడానికి వెళ్ళిన మాట నిజం. పక్కింటివాళ్ళ కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద అట్టముక్క మడిచి పెట్టడానికి ఇంకాస్త ఆలస్యమైంది. ఆ కాస్తలో ఆమె ఇంత మాట్లాడిందన్నమాట. అన్ని మాటలకి ఊపిరి ఎక్కడ తెచ్చుకుందో!

రెండుసార్లు చదివాడు. చేతికి అలవాటు కాబట్టి జేబులోంచి కాగితం తీసి ఐదు గళ్ళు గీశాడు. తేదీ. విషయం: దుమ్ము బిల్లు. హాజరు: ఉన్నాడు. ఓటు: అనుకూలం, చీటీ ద్వారా. ఐదో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. నాలుగు నిమిషాలు అని మాత్రం రాసి మడిచాడు. సంపుటం ఎక్కడిదక్కడ పెట్టి బయటికొచ్చాడు.

మరదలు కాఫీ ఎప్పుడో తాగేసింది. "ఏం బావా, నంబరు కోసం వెళ్ళావా, ఆ పుస్తకం అచ్చు వేయించుకొచ్చావా?"

మేస్త్రి కాగితం బల్లమీద పెట్టాడు. "మొదటి పేజీ మార్చు. ఇందులో ఉన్నట్టు వెయ్యి."

ఆమె చదివింది. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ చదివింది. "చీటీ ఇచ్చాడా!" అంది మెల్లగా. "అంటే బావా, అక్క ఆ రోజు సరిగ్గా చూడమని..."

"సంపుటం నంబరు కింద రాశాను. తొమ్మిదో ఆరో సరిగ్గా చూసుకో."

"బావా, నేను అక్కడే ఉన్నాను. చేతిలో జావ గిన్నెతో..."

"పేజీ మూడువందల పన్నెండు. రాసుకున్నావా?"

ఆమె రాసుకుంది. మళ్ళీ పనిమాటల్లోకి వచ్చింది. "ఇది వేస్తే మొదటి పేజీలోనే మెంబరుకి హారతి పట్టినట్టుంటుంది. యూనియన్ వాళ్ళు ఒప్పుకోరు. పోనీ ఈ పేజీ పూర్తిగా తీసేద్దామా? ఎవరికీ తెలియదు. మిగతాదంతా నిజమే కదా."

"మిగతాది నిజమే, అది అలాగే వెయ్యి. ఇదీ నిజమే, ఇదీ వెయ్యి. ఒప్పుకోకపోతే నా పద్నాలుగు నోటుబుక్కులూ వెనక్కిచ్చెయ్."

"పేపరు తప్పు వేసిందని ఆయనకి తెలిసే ఉంటుంది. ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉంటే..."

"రాయలేదు." అన్నాడు మేస్త్రి. "పంతొమ్మిది రోజులుంది. రాయలేదు. దానికి ఆయన్ని క్షమించేది లేదు."

క్షమించలేని రెండో మనిషి సంగతి, ఆ రోజు పేపరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి సంగతి, ఆయన పైకి అనలేదు. మరదలూ అడగలేదు.

పుస్తకం నాలుగింటికి మెషీను ఎక్కింది. యూనియన్ వాళ్ళు సణిగారు గానీ పంచారు. మెంబరు గెలిచాడో ఓడాడో ఊరంతా చెప్పుకున్నారు. మేస్త్రి ఓటు వేసి వచ్చి కొట్టు తెరిచాడు, ఎవరికి వేశాడో చెప్పలేదు. లైబ్రరీకి మళ్ళీ వెళ్ళలేదు.

నెల తర్వాత పాత ఇనుము వ్యాపారి కాటా భుజాన పెట్టుకుని వచ్చాడు. దింపీ దింపకుండానే మొదలెట్టాడు. "మేస్త్రీ, నీ పుస్తకం మా కోడలు చదివి వినిపించింది. మెంబరు మీ ఆవిడ పక్షానే ఓటేశాడటగా! మరి పదకొండేళ్ళు మా చెవులు ఎందుకు తిన్నావయ్యా? అసలేం జరిగింది?"

మేస్త్రి కాటాని కొక్కేనికి తగిలించాడు. రెండు పళ్ళాలూ గుడ్డతో తుడిచాడు. ఖాళీ పళ్ళాలు ఊగి ఊగి నిలబడేదాకా చూశాడు.

"ఏ పక్క తేడా వస్తోంది?"

"కాటా సంగతి తర్వాత. ముందు ఆ సంగతి..."

"నీ కాటా సంగతి చెప్పు. ఆ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు.