రెండో కంట్రోలర్

ఆ పొద్దున ఆకాశం రెండు సగాలుగా ఉంది. తూర్పున ఎండ కాయడానికి సిద్ధపడుతుంటే, పడమట మబ్బు దిగి కూర్చుంది. మధ్యలో ఎవరో గీత గీసినట్టే ఉంది. గొడుగు తీసుకోవాలా వద్దా అని మార్కులాయన గుమ్మంలో నిలబడి చాలాసేపు పైకి చూశాడు.

"ఆకాశానికి కూడా మార్కులు వేస్తున్నారా?" అంది భార్య లోపలి నుంచి. "బయల్దేరండి. వాడు ఈపాటికి ఆఫీసుకి వచ్చేసి ఉంటాడు."

వాడంటే ఆమె తమ్ముడు.

మార్కులాయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. టీవీకి తగిలించే వీడియో గేములు ఆడి చూసి, మంచీ చెడ్డా ఒక పత్రికలో రాసి, పదికి ఇన్ని అని మార్కులు వేయడం ఆయన పని. అదీ ఒక ఉద్యోగమేనని మామగారిని నమ్మించేసరికి పెళ్లికి ముందు తల ప్రాణం తోకకొచ్చింది. "ఆడుకుంటే జీతమిస్తారా? ఇచ్చేవాళ్లకేం పోయేకాలం?" అన్నాడట ఆ పెద్దమనిషి. ఆ తర్వాత ఆయన కొడుకే వచ్చి అదే ఉద్యోగంలో చేరాడు. మామగారు ఇక ఆ ఊసెత్తలేదు.

గొడుగు వద్దనుకుని మెట్లు దిగుతుంటే భార్య వెనకే వచ్చింది.

"ఒక్క మాట. పత్రిక ఈ సంచికతో ఆఖరు. మీ ఇద్దర్నీ ఒక సోఫాలో కూర్చోబెట్టే చోటు ఇంకెక్కడా లేదు. ఇవాళ కూడా నోళ్లు కుట్టేసుకుని వచ్చారంటే, మీ మాటలు మోయడం ఇక నా వల్ల కాదు. నీళ్లు కావాలన్నా ఉప్పు కావాలన్నా సైగలు చేసుకోండి."

ఆమె ఊరికే అనలేదు. తమ్ముడు సెలవు రోజున అక్క ఇంటికి భోజనానికి వస్తాడు. బావకు ఎదురుగానే కూర్చుంటాడు. "అక్కా, బావగారిని ఆ నీళ్లు ఇటు జరపమను" అంటాడు. "జరిపానని చెప్పు" అంటాడు మార్కులాయన. చాలా ఏళ్లుగా ఇదే వరస. మధ్యలో కూర్చున్న మనిషి చల్లారిపోయిన అన్నం తింటుంది.

ఒకప్పుడు "బావా, నువ్వు" అనేవాడు. ఇప్పుడు "బావగారు, మీరు". ఆ 'గారు' మార్కులాయనకు చెప్పులో రాయిలా ఉండేది. తీసి పారేయమని అడగడానికి బెట్టు అడ్డొచ్చేది.

పత్రిక ఆఫీసు దర్జీ కొట్టు మీద రెండు గదులు. కింద మిషన్లు నడుస్తుంటే పైన నేల సన్నగా వణికేది. కుర్చీలు చాలావరకు వెళ్లిపోయాయి. అలమర ఖాళీ చేశారు, డిస్కుల డబ్బాలు ఉన్న చోట దుమ్ములో వాటి అచ్చులు మిగిలాయి. మూల పాత టీవీ మాత్రం ఉంది. అద్దం బొజ్జలా ముందుకు పొంగి, మోయాలంటే ఇద్దరు కావలసిన బండ. అప్పట్లో వానాకాలం దాని వెచ్చటి వీపు మీద మేజోళ్లు ఆరేసుకునేవారు. బొమ్మ మసకబారితే పక్కన ఒక్కటి చరిచేవారు. ఎవరి చెయ్యి పడితే బాగవుతుందో దానికీ తెలిసినట్టుండేది. బావమరిది చరిస్తేనే వినేది. మెమరీ కార్డు నిండిపోతే ఎవరి ఆట చెరపాలని వాదించుకుంటుంటే, టీ గ్లాసులతో వచ్చిన ఎడిటరమ్మ వైర్లు తట్టుకుని ఇద్దరినీ కలిపి తిట్టేది.

మార్కులు వేయడానికి ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ప్రతి గేమునూ ఇద్దరు ఆడాలి. చివరిదాకా చూశాక ఇద్దరూ చేతులు వెనక్కి పెట్టుకోవాలి. ఎడిటరమ్మ "తియ్యండి" అనగానే ఒక్కసారి వేళ్లు చూపాలి. కలిస్తే అదే మార్కు. కలవకపోతే మళ్లీ ఆడాలి. సమీక్ష పక్కన అంకె వేసేవారు కాదు, వేళ్లు చాపిన చేతుల బొమ్మ వేసేవారు. పాఠకులు పత్రిక తెరవగానే చేతుల కోసం వెతికేవారు.

ఆ పద్ధతి ఒక్కసారే తప్పింది, 'తాడు' అనే ఆట దగ్గర. ఒకడు కొండ ఎక్కుతాడు, ఇంకొకడు కింద నిలబడి అతని తాడు పట్టుకుంటాడు. మార్కులాయన తొమ్మిది వేళ్లు చూపాడు. బావమరిది నాలుగు. "ఇది ఆట కాదు బావా, కాపలా" అన్నాడు. మళ్లీ ఆడే వ్యవధి లేదు, అచ్చాఫీసు వాళ్లు కూర్చుని ఉన్నారు. పెద్దవాడు కదా, మార్కులాయన తొమ్మిదే వేయించాడు, కింద ఇద్దరి పేర్లూ పెట్టించాడు. "నేను చూపని వేళ్లకు నా పేరెందుకు?" అన్నాడు బావమరిది. అయినా అక్క పిలిస్తే ఆ పూట భోజనానికి వచ్చాడు. కంచం ముందు కూర్చుని, ఒక ముద్ద కలపబోయి, వదిలేసి లేచి వెళ్లిపోయాడు. మర్నాడు ఉద్యోగం మానేశాడు. పేరు గొడవ మార్కులాయన మరిచిపోయేవాడేమో. అన్నం మీద అలిగిపోవడమే మరిచిపోలేకపోయాడు.

ఆ 'తాడు' ఇప్పుడు టీవీకి తగిలించే కొత్త కన్సోల్ కోసం మళ్లీ వచ్చింది. ఆఖరి సంచికలో దానికి ఆ ఇద్దరే మార్కులు వేయాలని ఎడిటరమ్మ పట్టుబట్టింది.

"మీ బావగారు వచ్చారు" అంది ఆమె, ఆయన గది గుమ్మం తొక్కగానే.

"చూశానండి" అన్నాడు బావమరిది సోఫాలోంచి. జుట్టు ముందువైపు పలచబడింది. కూర్చోవడం మాత్రం పాత చోటే, కుడి చివర. స్ప్రింగు ఊడిన వైపు.

కొత్త టీవీ గోడకు పలకలా అతుక్కుని ఉంది. చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్లకు వైర్లు లేవు. మార్కులాయన కళ్లజోడు తుడుచుకుంటుండగా, బ్యాటరీ ఉందో లేదో చూద్దామని బావమరిది చేతిలోదాని బటన్ నొక్కాడు. దాని మీద ఒకటో దీపం వెలిగింది. ముందు నొక్కినవాడిదే ఒకటో కంట్రోలర్ అట ఈ కొత్తవాటిలో.

బావమరిది కంగారుపడ్డాడు. "అయ్యో, ఇది బావగారికి ఇవ్వండి."

"ఉండనివ్వమనండి" అన్నాడు మార్కులాయన గోడ వైపు చూస్తూ.

"నేనేమన్నా తపాలా బంట్రోతునా?" అంది ఎడిటరమ్మ. "ఎవరిది వాళ్లు పట్టుకుని మొదలెట్టండి."

ఇన్నేళ్లలో ఆ ఇద్దరి మధ్య ఒకటో కంట్రోలర్ ఎప్పుడూ చేయి మారలేదు. మార్చకూడదని ఎవరూ అనలేదు. పెద్దవాడు ఒకటోది పట్టుకుంటాడు, చిన్నవాడు రెండోది పట్టుకుంటాడు, అంతే. కార్ల పందెమైనా కుస్తీ అయినా రెండూ ఒకేలా ఉండేవి కాబట్టి ఎవరికీ తేడా పడలేదు.

ఆట మొదలైంది. టీవీ అడ్డంగా రెండు సగాలైంది. పై సగం ఎక్కేవాడిది, అంటే ఒకటో కంట్రోలర్‌ది. కింది సగం తాడు పట్టేవాడిది. ఎవరి సగం మీద వాళ్లు కళ్లు పెట్టాలి; పక్కవాడి సగంలోకి చూపు పోతే పని చెడుతుంది. తాడు బిగించి ఉంచాలంటే బొటనవేలితో ఒక బటన్ అదిమే ఉంచాలి. పైవాడు అడుగు వేసేటప్పుడు కాస్త వదలాలి. ఆగగానే మళ్లీ అదమాలి.

మార్కులాయన సగంలో ఒక రాతిగోడ, కింద చిన్న నీటి గుంట, పైకి పోయే తాడు. ఆయన అదిమాడు. వదిలాడు. అదిమాడు. రాతిగోడ అలాగే ఉంది.

"అరె, ఇక్కడ పూలున్నాయే!" అన్నాడు బావమరిది తనలో తను.

"నీలంవి. వంపు తిరిగితే గూట్లో పిట్ట కూడా ఉంటుంది" అనేశాడు మార్కులాయన. అన్నాకగానీ అన్నట్టు తెలియలేదు.

ఎడిటరమ్మ టీ గ్లాసు దించి, ముందుకు జరిగి కూర్చుంది.

కాసేపటికి మార్కులాయన అడిగాడు. "ఈ గోడ ఎప్పుడు మారుతుంది?"

"మారదు."

"ఈ గుంట?"

"వాన వచ్చినప్పుడు కాస్త నిండుతుంది. అదొక్కటే వేడుక."

మళ్లీ అదమడం, వదలడం. పై సగంలోంచి గాలి చప్పుడు, పిట్టల అరుపులు, బావమరిది నోట చిన్నపిల్లాడిలా "అబ్బ", "ఓహో". మార్కులాయన వేలు మొద్దుబారింది. నడుము పట్టేసింది. ఇక ఉండబట్టలేక అన్నాడు.

"ఇది ఆటా, కాపలానా?"

బావమరిది ఆట ఆపాడు. మెల్లగా తల తిప్పాడు.

"ఆ మాట నాది" అన్నాడు.

ఎడిటరమ్మ ముందు నవ్వింది. తర్వాత బావమరిది. మార్కులాయన నవ్వకుండా ఉండాలని మీసం కొరికాడు గానీ, అది అట్టే సేపు నిలవలేదు.

"ఒకటోది ఇమ్మని ఒక్కసారన్నా అడిగావట్రా?"

"పెద్దవాళ్ల చేతిలోది లాక్కుంటానా? మీరే ఇవ్వొచ్చుగా?"

"నువ్వు అడగలేదుగా."

బావమరిది మళ్లీ ఆట మొదలెట్టాడు.

శిఖరం దగ్గరపడుతుండగా వాన వచ్చింది. గుంట నిండింది. ఆ సంబరంలో మార్కులాయన ఒక్క క్షణం అటు చూశాడు. పైన రాయి జారింది. తాడు సర్రున కిందికి వచ్చింది.

"బావా! పట్టుకో! వదలకు, వదలకు!"

ఆయన రెండు బొటనవేళ్లూ ఒకదాని మీద ఒకటి వేసి అదిమాడు. తాడు ఆగింది. పైన బొమ్మ మనిషి గాలిలో ఊగుతున్నాడు. నొప్పి మణికట్టు దాకా పాకింది.

"వదిలి ఇంటికి పోతే మీ అక్క ఊరుకుంటుందట్రా? తొందరగా కాలు ఆన్చుకో!"

ఆన్చుకున్నాడు. ఎక్కాడు. పైకి చేరాడు. అతని సగంలో ఏముందో మార్కులాయనకు తెలుసు: వాన వెలిసిన లోయ, వరసగా నీలపు కొండలు, అడుగున దారంలా నది. ఆ రోజుల్లో తను తొమ్మిది వేళ్లు చాపింది అందుకే. తన సగంలో మాత్రం తాడు మంచులోకి పోయి, కాసేపటికి సడలింది. ఎక్కినవాడు ఏం చూశాడో కిందవాడికి చెప్పేవాళ్లే లేరు.

ఎడిటరమ్మ లేచి నిలబడింది. చేతులు వెనక్కి పోయాయి.

"తియ్యండి."

బావమరిది తొమ్మిది వేళ్లు. మార్కులాయన నాలుగు.

"మళ్లీనా!" ఆమె తల పట్టుకుంది. "నేను అచ్చుకేం పంపను?"

"రెండు జతల చేతులూ వెయ్యండి" అన్నాడు మార్కులాయన. "ఎక్కేవాడికి తొమ్మిది, పట్టేవాడికి నాలుగు. ఎవరి చేతుల కింద వాళ్ల పేరు." మొద్దుబారిన వేలు నలుపుకున్నాడు. "అప్పుడే అలా వేయాల్సింది."

"కంట్రోలర్లు మార్చుకుని ఆడండని కూడా రాయి బావా" అన్నాడు బావమరిది. "బంధువులైతే తప్పనిసరిగా అని."

వెళ్లేముందు అతను పాత టీవీ దగ్గర ఆగి, పక్కన ఒక్కటి చరిచాడు. దానికి కరెంటు తీసేసి ఎన్నాళ్లయిందో. ఇద్దరూ దాని నల్లటి అద్దంలో తమ నీడలు చూసుకుని మెట్లు దిగారు.

ఇంటికి వచ్చేసరికి ఆకాశంలో గీత చెరిగిపోయింది, సన్నగా తుంపర పడుతోంది. భార్య ఇద్దరి మొహాలూ చూసింది. మూడు కంచాలు పెట్టింది. ఈసారి మధ్యలో కాకుండా ఒక పక్కగా కూర్చుంది.

మార్కులాయన ముద్ద కలపబోయాడు. బొటనవేలు వంగలేదు. కొసన బొబ్బ లేచి ఉంది. మళ్లీ ప్రయత్నించాడు. అన్నం వేళ్ల సందుల్లోంచి కంచంలోకి జారిపోయింది. ఎవరూ చూడకూడదని చెయ్యి కిందికి దించుకున్నాడు.

బావమరిది చూశాడు. లేచి వంటింట్లోకి వెళ్లాడు, చెంచా తెచ్చాడు. దాన్ని బావ కంచం అంచున పెట్టి, తన చోట కూర్చుని తల వంచుకుని తినసాగాడు.

మార్కులాయన చెంచా వైపు చూశాడు. తర్వాత ఎదుటివాడి కుడిచేతి బొటనవేలి వైపు చూశాడు. ఆనాడు తాడు పట్టి వచ్చి, ఒక్క ముద్దయినా కలపలేక లేచిపోయిన మనిషి ఆ చేతిని జేబులో దాచుకుని గుమ్మం దాటడం ఇప్పుడు కళ్లకు కట్టింది.

ఉప్పు గిన్నె తీసి అటు జరిపాడు. బావమరిది అందుకున్నాడు. మధ్యలో మోయడానికి మాటలేవీ లేక, ఆమె చాలాకాలానికి వేడన్నం తింది. బయట తుంపర పడుతూనే ఉంది. లోపల చెంచా కంచానికి తగులుతూ ఉంది.