మా టీమ్ పేజీ

“మా టీమ్‌ని అడిగి చెప్తానండీ” అంటూ మా ఆయన ఫోన్ మీద అరచెయ్యి మూసి వంటింటివైపు తిరిగాడంటే, నేను స్టవ్ కట్టేసి వెళ్ళాలని అర్థం. టీమ్ చేతులు తుడుచుకుంటూ వస్తుంది. గుమ్మంలో నిలబడి, “మెనూ మార్చడం ఎంతసేపు! ఫోటోలే మరీ పెద్దవి, వాటిని తగ్గించకపోతే పేజీ తెరుచుకోదు” అని గుసగుసగా చెబుతుంది. ఆయన చెయ్యి తీసి, “మావాళ్ళు చూశారండీ, ఫోటోలతోనే వచ్చిందట చిక్కంతా. నేను దగ్గరుండి చేయిస్తాను” అంటాడు. ఆ ‘చేయిస్తాను’ దగ్గర గొంతు కాస్త బరువెక్కుతుంది. నేను వెళ్ళి స్టవ్ మళ్ళీ వెలిగిస్తాను.

మాది వెబ్‌సైట్లు కట్టిచ్చే వ్యాపారం. ఇంటి ముందుగది ఆఫీసు. ఆయన క్లయింట్లను పట్టుకొస్తాడు, నేను సైట్లు కడతాను. ఈ రోజుల్లో ఎవరూ మొదటి ఇటుక నుంచి కట్టరు. సిద్ధంగా దొరికే ప్లాట్‌ఫామ్ వేసి, దానికి పైరూపం ఇచ్చే ఒక థీమ్ తొడిగి, ఫారమ్‌ల్లాంటి అదనపు పనులకు కావలసిన ప్లగిన్లు తగిలించి, క్లయింటే లోపలికొచ్చి తన సంగతులు రాసుకునేలా సర్ది ఇస్తాం. వినడానికి ఇంతే. థీమ్‌వాళ్ళు అప్‌డేట్ ఇస్తే మెనూ చెదిరిపోతుంది, ప్లగిన్‌వాళ్ళు ఇవ్వకపోతే ఫారమ్ మొరాయిస్తుంది. చేసినన్నాళ్ళూ ఇది ఎవరికీ కనపడదు, ఒక్కరోజు మానేస్తే మాత్రం అందరికీ కనపడుతుంది. ఇంటిపనీ అంతే కాబట్టి నాకిది కొత్తగా అనిపించలేదు.

మా అత్తగారి దృష్టిలో ఇది పనే కాదు. “రోజంతా ఆ పెట్టె ముందు కూర్చుంటే ఇల్లెలా సాగుతుందమ్మా? వాడు పాపం బయట తిరిగీ తిరిగీ వస్తున్నాడు” అంటారు. కూర్చుని చేసేది పని కాదని ఆవిడకు గట్టి నమ్మకం. కొడుకు కారులో కూర్చునే తిరుగుతాడని చెప్పాలని నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. మొన్న మా ఆడపడుచు భర్త వచ్చినప్పుడు, “నువ్విప్పుడు ఏం చేస్తున్నావమ్మా?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆయనే అందుకున్నాడు. “ఇంట్లోనే బావా. నాకు కాస్త సాయం చేస్తుంటుంది.” కాస్త సాయం! అప్పుడు నేను ఒక బట్టల కొట్టు పాత సైట్లోని సరుకునంతా కొత్త సైట్లోకి మోసి మోసి, మెడ పట్టేసి, తల తిప్పలేక మొత్తం ఒళ్ళే తిప్పుతున్నాను. బావగారికి బిస్కెట్లు కూడా అలాగే తిరిగి అందించాను.

ఇంతలో పెద్ద ఆసుపత్రి పని ఒకటి వచ్చేలా కనపడింది. ఇన్నాళ్ళకు మాకు తగిలిన పెద్ద పని అదే. అక్కడ ఇలాంటి వ్యవహారాలు చూసే మేనేజరుగారు మా సైటు చూసి, “టీమ్ పేజీ లేదేమిటండీ? ఎవరి చేతుల్లో పెడుతున్నామో తెలియాలి కదా” అన్నారట. మా ఆయన ఆ మాట మామూలుగా చెప్పి స్నానానికి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. ఆనందంతోనే, దాచుకోవడం ఎందుకు? ఇన్ని సైట్లు కట్టాను, ఎక్కడా ఒక మూలన కూడా నా పేరు లేదు. అద్దం ముందుకెళ్ళి జుట్టు సరిచేసుకుని ఫోన్‌తో నన్ను నేను ఫోటో తీసుకున్నాను. చాలా తీస్తే ఒకటి బాగా వచ్చింది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, “నలుగురి ఫోటోలు దించి ఫోల్డర్లో పెట్టాను. నాది పైన పెట్టి, వాళ్ళని కింద వరసగా పెట్టెయ్” అన్నాడు.

“ఎవరు వాళ్ళు?”

“ఎవరైతే ఏం? నెట్‌లో ఎవరికైనా ఊరికే దొరికే ఫోటోలు. డిజైనర్, డెవలపర్, కంటెంట్, సపోర్ట్. పేర్లు నువ్వే ఏవో పెట్టు.”

“అవన్నీ చేసేది నేనే కదండీ.”

“అబ్బా, అది మనకి తెలుసు. నీ ఫోటో పెడితే మొగుడూ పెళ్ళాం ఇంట్లో నడుపుకునే కొట్టులా ఉంటుంది, కంపెనీలా ఉండదు. ఈ పని వస్తే లాభం ఎవరికి, నీకు కాదూ?”

వాదించలేదు. పేజీ కట్టాను. కళ్ళజోడు పెట్టుకున్న బట్టతల పెద్దమనిషి డెవలపర్. ఆయనకి నా అనుభవమంతా ఇచ్చేశాను. డిజైనర్ కుర్రాడికి రంగుల విషయంలో నా పట్టుదల ఇచ్చాను. కంటెంట్ అమ్మాయికి నా భాష. నవ్వుతున్న సపోర్ట్ అమ్మాయి గురించి ‘ఎంత చిన్న ఇబ్బందినైనా ఓపికగా వింటారు’ అని రాశాను. మా అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి వెనక నిలబడ్డారు.

“ఈ పిల్లెవరు? కళగా ఉంది.”

“మన దగ్గర పనిచేసే అమ్మాయి అత్తయ్యా.”

“ఒక్కసారీ ఇంటికి రాలేదే? పనిమంతురాలు, మొహంలోనే తెలుస్తోంది. పాపం ఎంత కష్టపడుతోందో ఏమిటో.”

నా గురించి ఆవిడెప్పుడూ అంత మంచి మాట అనలేదు. నాకు కోపం వచ్చింది. మొగుడి మీదా కాదు, అత్తగారి మీదా కాదు, ఆ నవ్వుతున్న పిల్ల మీద! ఎక్కడిదో, ఏం చేస్తుందో, ఈ ఇంట్లో నాకు రావలసిన జాలి కూడా తనే పట్టుకుపోయింది. అలా అనుకున్నందుకు సిగ్గుపడి, ‘ప్రచురించు’ నొక్కి, పాలు పొంగుతుంటే లేచి వెళ్ళాను.

ఆ తర్వాతి వారం ఉదయం ఆసుపత్రి మేనేజరుగారు ఫోన్ చేశారు. మా ఆయన ఉత్సాహంగా స్పీకర్ పెట్టాడు.

“పేజీ చూశానండీ, బాగుంది. చిన్న సందేహం. మా అబ్బాయి పళ్ళకి క్లిప్పు వేయిద్దామని వేరే సైటు చూస్తున్నాను. అక్కడ పళ్ళ డాక్టరు కూడా మీ సపోర్ట్ అమ్మాయే.”

మా ఆయన అరచెయ్యి ఫోన్ మీదికి దానంతటదే వెళ్ళిపోయింది. నా వైపు తిరిగి, “కవలలని చెప్పు” అన్నాడు. “ఏంటీ?” అన్నాను. “కవలలు! నువ్వే ఆ అమ్మాయిలా మాట్లాడు. గొంతు కాస్త సన్నగా పెట్టు. ఈ పని పోయిందంటే మన పని అయిపోయినట్టే” అంటూ ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఇన్నాళ్ళూ ఆ అరచెయ్యి వెనక నిలబడి మాట్లాడాను గానీ, ఫోన్ నా చేతికి రావడం అదే మొదటిసారి. పని పోతుందనే భయం నాకూ ఉంది. పోకపోతే ఆసుపత్రి సైటు కూడా ఆ నలుగురే కడతారు.

“నమస్కారమండీ” అన్నాను, నా గొంతుతోనే.

“మీరెవరండీ?”

“ఆ ఫోటోల్లో వాళ్ళెవరో నాకూ తెలియదండీ. కింద రాసిన పనులన్నీ చేసేది మాత్రం నేను. ఆ నలుగురూ నేనే.”

మా ఆయన తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. మేనేజరుగారు మాత్రం ఫోన్ పెట్టెయ్యలేదు.

“నలుగురూ మీరేనా? మరి మీకు జ్వరమొస్తే?”

“వచ్చినప్పుడూ ఇన్నాళ్ళూ నేనే చేశానండీ. ఇకమీదట చెయ్యను. మీ పనికి ఇంకో మనిషిని జీతమిచ్చి పెట్టుకుంటాం. ఆ మనిషి వచ్చాకే వాళ్ళ ఫోటో పెడతాను.”

“ముందు పేజీ సరిచేసి పంపండి. మా పెద్ద డాక్టరుగారికి చూపిస్తాను. పని మీకే ఇస్తామని మాత్రం ఇప్పుడే అనలేను.”

“అలాగేనండీ” అని పెట్టేశాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా ఊపిరి పీల్చినట్టుంది.

“కొంప ముంచావు” అన్నాడు మా ఆయన.

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. డెవలపర్‌నీ, డిజైనర్‌నీ, కంటెంట్ అమ్మాయినీ చెత్తబుట్టలోకి పంపాను. సపోర్ట్ అమ్మాయి దగ్గర ఒక్క క్షణం ఆగాను. తనేం చేసింది పాపం, ఎక్కడో ఎవరో నవ్వమంటే నవ్వింది. తననీ పంపించి, నా ఫోటో పెట్టి, పక్కన నా పేరు టైపు చేశాను. ఒక అక్షరం తప్పు పడింది, దిద్దుకున్నాను. ‘ప్రచురించు’ నొక్కేసరికి మా ఆయన వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. గొంతులో కోపం కన్నా బెదురే ఎక్కువగా ఉంది.

“ఇది అందరూ చూస్తారు. నలుగురూ ఏమనుకుంటారో ఆలోచించావా?”

“నలుగురినీ అడిగానండీ” అన్నాను. “బాగుందంటున్నారు.”