సముద్రం చూపిస్తానన్న బావమరిది

నేను నేతను. ఓట్లడిగే నేతను కాదు, చీరలు నేసే నేతను. ఎమ్మిగనూరులో మా ఇంటి ముందుగదిలోనే గుంత మగ్గం. ఆ గుంతలోకి కాళ్లు దించి కూర్చున్నానంటే నాకు లోకంతో పని లేదు, లోకానికీ నాతో పని లేదు. అట్లాంటి నన్ను మా బావమరిది ఈరేష్ సముద్రానికి తీసుకుపోతానన్నాడు.

"యాభై దాటినా సముద్రం మొగం సూడలేదు. ఏం మనిసివి బావా నువ్వు?"

"తీరిక లేనోనికి తీరమెందుకప్పా?"

ఇట్లాంటి మాటలకు మామూలుగా మా ఆవిడ అరుణకుమారి తల కొట్టుకుంటుంది. ఆ రోజు నవ్వింది. నవ్వి, నా బట్టలు సర్దింది. అప్పుడే అనుమానపడాల్సింది.

అంతకుముందు రోజే మగ్గం మీది చీరలు పూర్తయ్యాయి. మాలో ఒక పద్ధతి ఉంది. నేసిన బట్ట కోసుకునేటప్పుడు పడుగు పోగులన్నీ, అంటే నిలువు దారాలన్నీ, పీకెయ్యం. అచ్చులో, అంటే పోగుల్ని విడివిడిగా ఉంచే దువ్వెనలాంటి చట్రంలో, దూరి ఉన్న కొసల్ని జానెడు వదిలేస్తాం. కొత్త పడుగులో ఒక్కో పోగునూ, జారకుండా బూడిద అద్దుకున్న వేళ్లతో, ఆ పాత కొసలకు మెలిపెట్టి అతుకుతాం. మా తాత వదిలిన కొసలకు మా నాయన అతికాడు, ఆయన వదిలిన కొసలకు నేను అతికాను. మనుషులు పోయారు గానీ మగ్గం మీద పోగు తెగలేదు. కొత్త పడుగు అతకకుండా నేనెప్పుడూ ఊరు దాటలేదు.

"వచ్చినాక అతుక్కుందువులే. కొసలు యాడికి పోతాయి?" అంది అరుణ.

ఆదోనిలో రైలెక్కి, చెన్నైలో దిగి, బస్సులో మహాబలిపురం చేరాం. ఊరి పేరులోనే బలి ఉంది. ఎవరనేది మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ఒడ్డునే రాతి గుడి. ఉప్పుగాలికి రాతి బొమ్మల ముక్కూ మూతీ అరిగి, అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి.

"ఇంతకాలం ఎట్ల నిలబడిందప్పా ఇది?" అన్నాను.

"ఎవురూ కదపలేదు కాబట్టి," అన్నాడు ఈరేష్, ఫోన్లో ఏదో నొక్కుకుంటూ.

గుడి దాటి కొంతదూరం నడిస్తే, మనుషులు పలకల మీద నిలబడి అలల మీద జారుతూ కనిపించారు.

"దీన్ని సర్ఫింగ్ అంటారు బావా."

"సర్ఫింగా? మరి బట్టలు యాడ ఉతుకుతాండారు?"

"నవ్వు రాలేదు బావా."

వాడికీ ఆ పలక ఎక్కాలని సరదా పుట్టింది. నేర్పేవాడు ముందు దాని మీద బోర్లా పడుకోమన్నాడు. ఆ పలకకు బోర్డు అని అందుకే పేరు పెట్టారేమో. ఫోటోలు తీయమని ఫోన్ నా చేతికిచ్చి ఈరేష్ నీళ్లలోకి దిగాడు.

వాడు మొదటి అలకు తలకిందులయ్యేసరికి ఫోన్ మోగింది. మా వీధిలో ఉండే జయన్న మేస్త్రీ. ఎత్తాను.

"ఈరేషన్నా, గుంత పూడ్సేసినాం. మట్టి బాగా దిమ్మిస కొట్టినాం. మగ్గం కట్టెలు మిద్దె మీదికెక్కిచ్చినాం. బండలు ఈరోజే పరిసేదా, రేపు పరిసేదా?"

ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"అన్నా, ఇనపడతాందా? ఉండు, అక్కకిస్తా."

"ఈరేషూ, బావకు తెలీలేదు గదా?" అంది అరుణ. "బండలు గట్టిపడేదాకా ఇంగ రెండు దినాలు ఆడే తిప్పు. షాపు బోర్డు గూడా రాసేదానికిచ్చినా."

"ఏం షాపు?" అన్నాను.

అవతల పార గీకుతున్న చప్పుడు ఆగింది.

"నువ్వా," అంది. "చీరల షాపు. సూరత్ సరుకు ఈరేష్ తెస్తాడు. నీ మోకాళ్లు ఆ గుంతలోకి దిగలేవు, దిగితే ఎక్కలేవు. గల్లాపెట్టె కాడ కూసుంటే సాలు."

"నాతో ఒక మాట సెప్పింటే?"

"ఉగాదికి సెప్పినా. షాపు కాదు, శాపం అన్నావు. శ్రావణంలో మళ్లా సెప్పినా. ఇంకేందో అన్నావు, ఈది ఈదంతా నవ్వింది. నీతో మాట్లాడితే నవ్వొస్తాది గానీ మాట తెగుతాదా?"

"కొసలేం సేసినారు?"

"ఏం కొసలు?"

"అచ్చులో పోగులు."

"అచ్చు ఊడదీయాలంటే అడ్డమొచ్చినాయి. కోసినాం." గొంతు తగ్గించింది. "నేనే కోసినా. జయన్న కోస్తానన్నాడు, నేనే వద్దన్నా."

పెళ్లయి వచ్చిన ఏటి నుంచి నేను ఈవైపు కూర్చుని అతుకుతుంటే, ఆవైపు కూర్చుని ఒక్కో పోగూ ఏరి నా వేళ్లకందించింది ఆమే. ఏ కొస ఎవరిదో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"ఇదో, ఉన్నావా?" అంది ఫోన్లో. "ఏదన్నా అనరాదా."

నా మామూలు వేళాకోళం మాట కోసమే ఆమె కాచుకుని ఉంది. నేనొక్కటి అంటే అంతా సర్దుకుపోతుంది. వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

ఈరేష్ నీళ్లు కార్చుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "బావా, నిలబడినా. సూసినావా? తీసినావా ఫోటో?"

ఫోన్ వాడి తడిచేతిలో పెట్టాను.

"మీ అక్క. బండలు ఎప్పుడు పరిసాలని జయన్న అడుగుతాండాడు. ఈరోజే పరిసెయ్యమను. నేను ఇంటికి పోయేటప్పటికి ఆ మట్టి నా కండ్లకు కనపడకూడదు."