తగ్గిపోయిన షుగర్

పాపాయి పెళ్లై వచ్చిన నాటినుంచీ కడియం నర్సరీల్లోనే పని చేస్తోంది. సంచుల్లో మట్టి నింపడం, మొక్కలు నాటడం ఆమె పని. కొన్నేళ్ల కిందట ఆమెకి షుగర్ ఉందన్నారు. అప్పటినుంచి టీలో పంచదార మానేసి, రోజూ మాత్ర వేసుకుంటోంది. నొప్పీ జ్వరమూ లేని ఈ జబ్బేమిటో మాత్రం ఆమెకి అంతుపట్టలేదు.

ఒక శనివారం ఉపవాసం ఉండి కూడా మాత్ర వేసుకుంది. ఎండెక్కేసరికి చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. గులాబీ మొక్కల మధ్య కూలబడిపోయింది. పక్కనే పనిచేస్తున్న సూర్యకళ టీకొట్టు నుంచి పంచదార నీళ్లు తెచ్చి తాగించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"షుగర్ బాగా తగ్గిపోయిందమ్మా. పంచదార నీళ్లు పట్టారు కాబట్టి సరిపోయింది. తినకుండా మాత్ర వేసుకోకండి," అంది డాక్టర్ హైమ.

పాపాయి చెవిన పడింది మొదటి మాటే. జ్వరం తగ్గిందంటే పోయిందనే కదా! పైగా వద్దన్న పంచదారే ప్రాణం నిలబెట్టింది. ఇంటికెళ్లి మాత్రల డబ్బా అటకెక్కించింది. టీ మళ్లీ తియ్యగా కలుపుకుంది.

కొన్నాళ్లు హాయిగానే గడిచింది. తర్వాత ఎంత తాగినా తీరని దాహం. చూపు మసకబారింది. కుండీ తగిలి కాలికైన దెబ్బ చీము పట్టింది. సూర్యకళ నాలుగు చివాట్లు పెట్టి మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"మాత్రలెందుకు మానేశారమ్మా?" అంది హైమ.

"తగ్గిపోయిందన్నారు కదండీ మీరే!"

"అయ్యో, రక్తంలో పంచదార తగ్గిందన్నానమ్మా. జబ్బు తగ్గిందని కాదు."

"తగ్గితే పడిపోతాను, పెరిగితే కాలు కుళ్లిపోద్ది. మరి నేను బాగున్నట్టెప్పుడండి?"

"మధ్యలో ఉన్నప్పుడు."

"మధ్యలో ఉన్నానని నాకెలా తెలుస్తుందండి?"

"ఒక్కోసారి తెలియదమ్మా. అందుకే పరీక్ష చేయించుకోమనేది."

పాపాయి "ఆయ్" అని తలూపింది గానీ, తన ఒంటి సంగతి తనకే తెలియకపోవడమేమిటో ఆమెకి బోధపడలేదు.

కాలు మానడానికి చాలా రోజులే పట్టింది. ఇప్పుడు అన్నం తిన్నాకే మాత్ర వేసుకుంటోంది. ఉపవాసాలు మానేసింది. దేవుడికి కోపమొచ్చిందో లేదో అదీ తెలియదు. పనిలో ఒళ్లు తూలినట్టయితే అది ఎండో, షుగరో తేల్చుకోలేక మట్టిచేతులతో అలాగే కూర్చుండిపోతుంది.

"ఏమైందే?" అంటుంది సూర్యకళ.

"ఏమోనే, తెలీట్లేదు. నువ్వు కాస్త పక్కన కూర్చో."