రెండో వరుసలో నా పేరు

నేను ఒక పెన్‌డ్రైవును. ఆ ఉదయం సామర్లకోట పెన్షనర్ల కాలనీ పఠనమందిరంలో హాజరైనవారు, పదవీ విరమణ తేదీల క్రమంలో: అధ్యక్షులు, విశ్రాంత సూపరింటెండింగ్ ఇంజనీరు శ్రీ తాతపూడి పరంజ్యోతి; కార్యదర్శి, విశ్రాంత ఆంగ్లోపన్యాసకులు శ్రీ కొచ్చెర్లకోట భుజంగరావు. ఇంకా ఉద్యోగంలోనే ఉన్న దోషం వల్ల గ్రంథాలయ సహాయకురాలు రత్నమాణిక్యం చివరన, నిలబడి. నేను బల్ల మీద.

ఏ దేశపు కర్మాగారంలోనో పుట్టి, ఒక పెళ్లి వీడియోనూ, ఒక దంతవైద్యుడి ఎక్స్‌రేలనూ మోసి, చివరకు కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే వ్యవస్థను కడుపున దాచుకుని ఇక్కడికి చేరాను. నా మూత పెళ్లివారి దగ్గరే ఉండిపోయింది.

మందిరపు లాప్‌టాప్ మూడు రోజులుగా నల్లని తెర తప్ప మరేమీ చూపడం లేదు. అందులోని లినక్స్‌ను నిద్రలేపే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము చెడిపోయింది. పాత పుస్తకాల అంచుల్లో పాఠకులు రాసిపెట్టిన మాటలను రత్నమాణిక్యం ఆరేళ్లు టైపు చేసిన పట్టిక అందులోనే ఉంది. మరో ప్రతి లేదు. అందుకోసం ఒక పెన్‌డ్రైవు ఇప్పించమని ఆమె పెట్టిన అర్జీ రెండేళ్లుగా కార్యవర్గ పరిశీలనలో ఉంది.

నన్ను లాప్‌టాప్‌కు గుచ్చారు. మీట నొక్కగానే అన్నిటికన్నా ముందు మేలుకునే ఫర్మ్‌వేర్ నా పేరును రెండుసార్లు చూపింది: పైన, పాత పద్ధతిలో లేవడానికి; కింద, కొత్త పద్ధతిలో లేవడానికి. పైనున్నదే సీనియరని పరంజ్యోతి గారి సిద్ధాంతం, దాన్నే నొక్కారు. పాత పద్ధతిలో లేచిన నేను ఈ కొత్త తరహా యంత్రంలో బూట్‌లోడర్‌ను నిలపలేను. ఆ సంగతే తెర మీద ఇంగ్లీషులో మూడుసార్లు విన్నవించుకున్నాను. భుజంగరావు గారు మూడుసార్లూ అందులోని విరామచిహ్నాలను తప్పుపట్టారు.

తుదకు డిస్కు మొత్తం తుడిచి, అన్నీ కొత్తగా ఎక్కించాలని ఇద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. రత్నమాణిక్యం బల్ల దగ్గరకు వచ్చింది.

"కేటలాగులో ఒకే పేరుతో రెండు కార్డులుంటే రెండూ తీసి చూస్తాం కదండీ. ఆ కిందది కూడా చూడండి సార్."

"పైనది ఉండగా కిందదెందుకమ్మా? ఒక వరుసంటూ ఉండొద్దూ?" అన్నారు అధ్యక్షులు.

"వరుస తర్వాత చూసుకుందురుగానీ, కాస్త జరగండి సార్."

ఆయనను జరగమన్నవారు సర్వీసులో కూడా ఉండి ఉండరు. జరిగారు. ఆమె లాప్‌టాప్ ఆపి, మళ్లీ వేసి, కింది పేరు నొక్కింది. నేను కొత్త పద్ధతిలో లేచాను. ఈసారి అభ్యంతరం చెప్పవలసిన అవసరం రాలేదు. బూట్‌లోడర్ కుదురుకుంది. నన్ను పీకేశాక లాప్‌టాప్ తనంతట తానే లేచి, ఆమె తెరవగానే పట్టికలోని మొదటి పంక్తి చూపింది: 'ఈ పేజీ దగ్గర అమ్మ ఏడ్చింది.'

అధ్యక్షుల దూరదృష్టి వల్ల యంత్రం బాగుపడిందని భుజంగరావు గారు మినిట్సులో నిర్దుష్టమైన భాషలో రాశారు.

ఆ తర్వాత నాలోని లినక్స్‌ను తుడిచేశారు. పట్టిక రెండో ప్రతిని మోస్తూ రత్నమాణిక్యం గారి సొరుగులో ఉన్నాను. సాక్షిగా ఒక సవరణ నమోదు చేసే అర్హత నాకున్నదని భావిస్తూ, ఆ ఉదయం కింది పేరు నొక్కినవారు గ్రంథాలయ సహాయకురాలు శ్రీమతి రత్నమాణిక్యం గారేనని, అందుకు వారు ఎవరి అనుమతీ పొందలేదని సగౌరవంగా ధ్రువీకరిస్తున్నాను.